అప్‌డేట్: రిఫ్‌కీ సింథ్ బేస్‌కీ రాజీ కుదిరింది

డ్రాప్ సి ట్యూనింగ్‌లో (గిటార్ లావు తీగను సి స్వరానికి దించి) వాయించిన మెటల్ రిఫ్ (పదేపదే వచ్చే గిటార్ ముక్క) కింద సింథ్ బేస్ (సింథసైజర్‌తో చేసిన బేస్) పెడితే అంతా బురదబురదగా వినిపిస్తోందని అడిగాను కదా. గిటార్‌లో కింది ఫ్రీక్వెన్సీలు కోసేయమని చాలామంది అన్నారు. మనసొప్పలేదు, ఆ బరువే కదా మెటల్ అంటే! అయినా హై పాస్ ఫిల్టర్‌ను (పెట్టిన చోటికి కింద ఉన్న ఫ్రీక్వెన్సీలను కోసేది) 100 హెర్ట్జ్ దగ్గర పెట్టి విన్నాక టెన్షన్ పోయింది. గిటార్ ఒక్కటే వింటే పీలగా ఉంటుంది, మిక్స్‌లో మాత్రం ఇంకా పెద్దగా వినిపిస్తుంది. డ్రాప్ సిలో లావు తీగ 65 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ చోటు ఇప్పుడు సింథ్‌ది. డిస్టార్షన్ పుట్టించే పై హార్మోనిక్స్ (అసలు స్వరానికి పైన మోగే ఫ్రీక్వెన్సీలు) వల్ల రిఫ్ స్వరం చెవికి అందుతూనే ఉంది.

సింథ్ బేస్‌ను మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకేలా) మధ్యన ఉంచి, విడివిడిగా రికార్డు చేసిన రెండు గిటార్లను చెరోవైపుకీ తోసేశాను. ఫోన్ స్పీకర్‌లో బేస్ వినపడేలా చేయడానికి కాస్త శాచురేషన్ (తేలికపాటి డిస్టార్షన్) సరిపోయింది.

మిగిలింది డబుల్ కిక్ (రెండు పెడల్స్‌తో వేగంగా కొట్టే కిక్ డ్రమ్). వేగం పెరిగితే సైడ్‌చెయిన్ కంప్రెషన్ (కిక్ మోగినప్పుడల్లా సింథ్‌ను తగ్గించేది) సింథ్‌ను పైకి లేవనివ్వడం లేదు. రిలీజ్ టైమ్ (తగ్గిన సింథ్ మళ్లీ పైకి రావడానికి పట్టే సమయం) బాగా తగ్గిస్తే బేస్ గరగరమంటోంది. దీనికేమైనా దారి ఉందా?