గజ్జల్లో తామరకి స్టెరాయిడ్ క్రీమ్ మూడు నెలలు రాశాను, ఇప్పుడెలా ఆపాలి?

అందరికీ నమస్తే అండి. అడగడానికి సిగ్గుగానే ఉంది కానీ తప్పట్లేదు. ఎండాకాలంలో గజ్జల్లో తామర వచ్చింది, రోజంతా బండి మీద తిరిగే పని, చెమట. మెడికల్ షాపులో అడిగితే చీటీ గీటీ ఏం లేకుండా ఒక ట్యూబ్ ఇచ్చాడు, రెండ్రోజుల్లో దురద మాయం, అబ్బ అనుకున్నా. ఆపిన వారానికే మళ్ళీ వచ్చింది, ఈసారి పిరుదుల దాకా పాకింది, మళ్ళీ రాశా, అట్లా మూడు నెలలు నాలుగు ట్యూబులు అయిపోయాయి.

మొన్న కళ్ళజోడు పెట్టుకుని ట్యూబ్ మీద చదివితే క్లోబెటసాల్ 0.05%, మైకొనజోల్ (ఫంగస్ మందు), నియోమైసిన్ (యాంటీబయాటిక్) అని ఉంది. క్లోబెటసాల్ అంటే బాగా పవర్ ఉన్న స్టెరాయిడ్ అంట కదా, తామర లాంటి ఫంగస్ మీద రాస్తే దురద తగ్గినట్టే ఉండి లోపల పెరుగుతుందంట. ఇప్పుడు అక్కడ చర్మం ఉల్లిపొరలా అయింది, కాన్పయినవాళ్ళ పొట్ట మీద ఉంటాయే అట్లాంటి ఎర్ర చారలు పడ్డాయి, ప్యాంటు రాసుకుంటే మంట.

స్కిన్ డాక్టర్ అపాయింట్‌మెంట్ సోమవారం దొరికింది. ఈలోపు ఒక్కసారిగా ఆపేయొచ్చా, తగ్గించుకుంటూ రావాలా? ఆ చారలు పోతాయా? ఇంకోటి, మా ఆవిడ మంగు మచ్చలకి మొమెటసోన్ (ఇదీ స్టెరాయిడే), హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిసిన క్రీమ్ ఆర్నెల్లుగా మొహానికి రాస్తోంది, ఎండలోకి వెళ్తే మొహం ఎర్రగా కందిపోతోంది, చెప్తే వినదు. ఇట్లా అయ్యి బయటపడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, ఇంకో క్రీమ్ పేరు మాత్రం చెప్పకండి.