కొలెస్ట్రాల్ బాగానే ఉంది, అయినా స్టాటిన్ వేసుకోవాలా?

మాత్రలడబ్బా:
నాకు 48. హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ (వైరస్‌ని అణిచే మందులు) మొదలుపెట్టి 16 ఏళ్లు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, ఏళ్ల తరబడి పరీక్షకు అందనంత తక్కువే. మొన్నటి రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 108, బీపీ మామూలే. పదేళ్లలో గుండె జబ్బు వచ్చే రిస్క్ 3 శాతమని డాక్టరు గారే లెక్కేసి చూపించారు. చూపించి, అదే కాగితం కింద కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాశారు! లేని జబ్బుకి మందేంటండీ? వారం నుంచి ఆ చీటీ పర్సులోనే ఉంది.

నిదానం:
దీని వెనక రిప్రీవ్ అనే పెద్ద ట్రయల్ ఉంది, 2023లో ఫలితాలొచ్చాయి. 12 దేశాల్లో 7,769 మంది. అందరూ ఏఆర్‌టీ మీదున్న 40 నుంచి 75 ఏళ్ల వాళ్లు, గుండె రిస్క్ తక్కువ లేదా ఓ మోస్తరు. అంటే అచ్చంగా మీలాంటివాళ్లే. సగం మందికి రోజూ 4 మిల్లీగ్రాముల పిటావాస్టాటిన్ (ఒక రకం స్టాటిన్), మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర. సుమారు ఐదేళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి స్టాటిన్ వాళ్లలో 35 శాతం తగ్గాయి. వైరస్ అణిగినా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) నివురుగప్పిన నిప్పులా ఉంటుంది, రక్తనాళాల గోడలు దానివల్ల కూడా దెబ్బతింటాయి. కొలెస్ట్రాల్ అంకె ఒక్కటే చూసి ధీమాగా ఉండలేం.

అడ్డుపుల్ల:
35 శాతం అనగానే ఎవరైనా బోల్తా పడతారు. అసలు లెక్క చెప్పండి. వెయ్యి మందిని ఏడాది పాటు చూస్తే గుండెపోటు లాంటివి వచ్చినవాళ్లు ఉత్తుత్తి మాత్ర వాళ్లలో ఏడుకి కాస్త పైన, స్టాటిన్ వాళ్లలో ఐదుకి కాస్త లోపు. ఐదేళ్ల పాటు 106 మంది మింగితే ఒక్కరికి గండం తప్పుతుంది. పైగా కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు స్టాటిన్ గుంపులో 5.3 శాతం, రెండోదాంట్లో 4 శాతం. ఇది కూడా అదే ట్రయల్‌లో ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు.

నిదానం:
ఒప్పుకుంటా. కానీ ఆ 106లో ఒక్కరు ఎవరో ముందే తెలిస్తే మిగతావాళ్లం హాయిగా మానేసేవాళ్లం కదా!

మెట్లదారి:
నా అనుభవం చెప్తా. మూడో వారానికి పిక్కలు పట్టేశాయి, మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగేదాన్ని. డాక్టరుకి చెప్తే ఆపించి, కొన్నాళ్లాగి వేరే స్టాటిన్ తక్కువ డోసులో ఇచ్చారు. ఇప్పుడు రెండేళ్లు, ఏ బాధా లేదు. ట్రయల్‌లో కండరాల నొప్పులు 2.4 శాతం మందికే, ఉత్తుత్తి మాత్ర వాళ్లలోనూ 1.4 శాతం ఉన్నాయి. నేను ఆ కొద్దిమందిలో పడ్డా, అంతే.

కొత్తగావచ్చా:
ఏఆర్‌టీ మందులే గుండెకి చేటంటారుగా, వాటికే కొన్నాళ్లు గ్యాప్ ఇస్తే పోలా?

మందులకొట్టు:
ఆ పని మాత్రం చెయ్యొద్దు తమ్ముడూ. స్మార్ట్ అనే ట్రయల్‌లో సరిగ్గా అదే చేసి చూశారు. ఆపి ఆపి వేసుకున్నవాళ్లకే గుండె, కిడ్నీ, లివర్ సమస్యలు ఎక్కువయ్యాయి, చావులూ పెరిగాయి. 2006లోనే తేలిపోయింది. అబకవిర్ లాంటి ఒకటి రెండు మందుల మీద అనుమానం ఉన్నమాట నిజమే, అలాంటప్పుడు మందు మారుస్తారు గానీ మానిపించరు.

ఇంకోటి, ఏ స్టాటిన్ పడితే అది కొనకండి. రిటోనవిర్ గానీ కోబిసిస్టాట్ గానీ ఉన్న హెచ్‌ఐవీ మందుల కాంబినేషన్ వాడేవాళ్లు సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ ముట్టకూడదు, రక్తంలో వాటి మోతాదు విపరీతంగా పెరిగి కండరాలు దెబ్బతింటాయి. డోలుటెగ్రావిర్ వాడేవాళ్లకి ఆ ఇబ్బంది లేదు. మాత్రలడబ్బా గారూ, మీరు సిగరెట్ తాగుతారా?

మాత్రలడబ్బా:
డోలుటెగ్రావిర్ కాంబినేషనేనండీ. సిగరెట్... రోజుకి నాలుగు. డాక్టరు అడిగినప్పుడు ఆయన ముందు మొహమాటపడి లేదన్నాను.

మందులకొట్టు:
అయితే ఆ 3 శాతం లెక్కే తప్పు! అవునని చెప్పుంటే 5 దాటేదేమో.

అడ్డుపుల్ల:
నేను కూడా కాస్త వెనక్కి తగ్గుతా. 106 అనేది అందరినీ కలిపిన సగటు. రిస్క్ రెండున్నర నుంచి 5 శాతం లోపు ఉన్నవాళ్లలో ఒకరికి మేలు జరగాలంటే 149 మంది మింగాలి. 5 నుంచి 10 మధ్య ఉంటే 53 మంది చాలు. మీరిప్పుడు ఏ గుంపో మళ్లీ లెక్కేయించుకోండి. సిగరెట్ మానడం మాత్రం ఎటు చూసినా ముందు పని, స్టాటిన్ దానికి బదులు కాదు.

మాత్రలడబ్బా:
సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. స్టాటిన్ మొదలెట్టేముందు షుగర్ టెస్ట్ కూడా చేయించమని అడుగుతా. నాలుగు సిగరెట్ల సంగతి ఎలా మొదలుపెట్టాలో అదొక్కటే టెన్షన్.

మెట్లదారి:
లోపలికెళ్లి కూర్చోగానే చెప్పేయండి. ఆయన ఇలాంటివి రోజూ వింటుంటారు.