రోమ్‌లో నాలుగు రాత్రులు, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారితో ఎక్కడ దిగాలి?

పటమట, విజయవాడ
నమస్తే అండి. దసరా సెలవులకి రోమ్ వెళ్తున్నాం. నేను, మావారు, ఎనిమిదేళ్ళ బాబు, మా అత్తగారు. వీసాకి హోటల్ బుకింగ్ చూపించాలి కాబట్టి ఈ వారంలోనే తేల్చుకోవాలి. టెర్మినీ స్టేషన్ దగ్గర ఒకటి, ట్రస్తేవెరెలో ఒక ఫ్లాట్, వాటికన్ దగ్గర ప్రాతి అనే ఏరియాలో ఒక హోటల్ చూసి పెట్టుకున్నాను. ఫ్లాట్ ఫొటోల్లో గోడల నిండా పచ్చటి తీగలు, మనసంతా అక్కడే ఉంది. కానీ అత్తగారికి మెట్లంటే భయం, దుర్గమ్మ దర్శనానికి కూడా ఇప్పుడు లిఫ్ట్‌లోనే తీసుకెళ్తున్నాం. రోజుకి ఒక్క పూటైనా పెరుగన్నం పడాలి ఆవిడకి. బాబుకేమో కొలోసియం చూస్తే చాలు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బ్రాడీపేట, గుంటూరు
ట్రస్తేవెరె వద్దండి. అమ్మానాన్నలతో వెళ్ళి అక్కడే దిగాం. చాలా అందమైన చోటు, కాదనను. కానీ అక్కడికి మెట్రో లేదు, ట్రామ్ దిగి లోపలికి నడవాలి, ఆ సందులన్నీ నల్లరాళ్ళు పరిచినవి, రాయికీ రాయికీ మధ్య సూట్‌కేస్ చక్రం ఇరుక్కుని మాది ఊడిపోయింది, మిగతా దారంతా నాన్న దాన్ని మోసుకొచ్చారు. లిఫ్ట్ ఉందన్నారు, నిజంగానే ఉంది, కానీ వీధి తలుపు తీయగానే తొమ్మిది మెట్లు, అవి ఎక్కాకే లిఫ్ట్! అందులోనూ ఇద్దరు నిలబడితే పెట్టె పట్టదు. అందుకే మీరు "లిఫ్ట్ ఉందా" అని అడగకండి, వీధిలోంచి రూమ్ తలుపు దాకా మొత్తం ఎన్ని మెట్లు ఎక్కాలో మెసేజ్ పెట్టి అడగండి, జవాబు రాతలో తీసుకోండి. రాత్రి పదకొండుకి కూడా కిటికీ కింద హోటళ్ళ సందడే, అమ్మకి నిద్ర లేదు.

వన్‌టౌన్, విజయవాడ (రెండేళ్ళు రోమ్‌లో ఉన్నాను)
స్టేషన్ దగ్గర వద్దనేవాళ్ళు స్టేషన్ చుట్టూ అంతా ఒకటే అనుకుంటారు. మన ఊళ్ళో కూడా స్టేషన్ గేటు ఎదురు లాడ్జి వేరు, గాంధీనగర్ లోపల హోటల్ వేరు కదా. శాంతా మరియా మజ్జోరే చర్చి వైపు ఉన్నవి చూడండి, పోప్ ఫ్రాన్సిస్ సమాధి ఉన్న చర్చి అదే. ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్ట్ నుంచి లియోనార్దో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యలో ఎక్కడా ఆగకుండా 32 నిమిషాల్లో టెర్మినీ. మెట్రో ఎ, బి లైన్లు రెండూ కలిసేది కూడా అక్కడే. కొలోసియం బి లైన్‌లో రెండో స్టాప్, బయటికి రాగానే రోడ్డుకి అవతల అదే, మీ బాబు మొహం చూడండి అప్పుడు. వాటికన్‌కి ఎ లైన్‌లో ఒట్టావియానో దగ్గర దిగాలి. పెరుగన్నం సంగతికొస్తే, పియాజ్జా విట్టోరియో పక్కన ఎస్క్విలీనో మార్కెట్ ఉంది, బియ్యం, పచ్చిమిర్చి, బెండకాయలు అన్నీ దొరుకుతాయి, నేను వారం వారం వెళ్ళేవాణ్ణి. స్టేషన్‌లో, మెట్రోలో మాత్రం హ్యాండ్‌బ్యాగ్ ముందుకు పెట్టుకోమనండి అత్తగారిని, జేబుదొంగలు ఎక్కువ.

లక్ష్మీపురం, గుంటూరు
నేనైతే ప్రాతి అంటాను. వెడల్పు రోడ్లు, చదునైన నేల, సాయంత్రం పెద్దవాళ్ళు హాయిగా నడవొచ్చు. పొద్దున్నే లేచి సెయింట్ పీటర్స్‌కి నడిచెళ్ళిపోవచ్చు, ఎండెక్కాక ఆ క్యూలో పెద్దవాళ్ళు నిలబడలేరు. బుకింగ్ ఏదైనా ఉచితంగా రద్దు చేసుకునేదే తీసుకోండి, వీసా వచ్చేదాకా టెన్షన్ ఉండదు. సిటీ ట్యాక్స్ రాత్రికి ఇంతని తలకి విడిగా కట్టించుకుంటారు, పదేళ్ళలోపు పిల్లలకి లేదు.

పటమట, విజయవాడ
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. మూడు చోట్లకీ మెట్ల గురించి మెసేజ్ పెట్టాను. ఫ్లాట్ ఆవిడ ఇరవై రెండు మెట్లు, లిఫ్ట్ లేదు అని రాసింది, ఫొటోల కింద ఆ ముక్క ఎక్కడా లేదు. ప్రాతి హోటల్‌లో మూడు మెట్లున్నాయట, కానీ వంటకి వీలు లేదు. టెర్మినీ దగ్గరది నేల మీదే లిఫ్ట్, చిన్న వంటగది కూడా ఉంది. అత్తగారిని అడిగితే "కుక్కర్ పెట్టుకునే చోటు ఉంటే చాలమ్మా" అన్నారు. టెర్మినీదే బుక్ చేశాను.