‘నెగటివ్ సెలెక్షన్’కి ‘ఏరివేత’ సరిపోతుందా?

ప్రశ్న: కృత్రిమ జీవ (ఆర్టిఫిషియల్ లైఫ్) పరిశోధనలో రోగనిరోధక వ్యవస్థను కంప్యూటర్‌లో అనుకరించే నమూనాలున్నాయి కదా. అందులోని ‘నెగటివ్ సెలెక్షన్’ను ‘ప్రతికూల ఎంపిక’ అంటున్నారు. చెడ్డవాటిని ఎంచుకున్నట్టుంది. వేరే మాట చెప్పరూ?

జవాబు: ‘ఏరివేత’ అనండి. పత్తి ఏరుకుంటాం, బియ్యంలో రాళ్లు ఏరివేస్తాం. బోగస్ కార్డుల ఏరివేత పేపర్లో చూసేదే. థైమస్ గ్రంథి చేసేదీ అదే, సొంత ఒంటి మీదికి వచ్చే కణాలను ఏరివేస్తుంది. దాన్ని చూసి 1994లో స్టెఫనీ ఫారెస్ట్, అలన్ పెరెల్సన్, మరో ఇద్దరు పరిశోధకులు ఈ కంప్యూటర్ పద్ధతి రాశారు. మన డేటాను, అనుకోండి, 32 బిట్ల ముక్కలు చేయాలి. అదే పొడవులో ఎలా పడితే అలా తీగలు (స్ట్రింగ్స్, అంటే 0, 1ల వరసలు) పుట్టించాలి. మన ముక్కల్లో దేనితోనైనా వరసగా 8 బిట్లు అవే స్థానాల్లో కలిసిన తీగను పారేయాలి. మిగిలినవి కాపలాకు: కొత్తగా వచ్చిన ముక్క వీటిలో దేనితోనైనా అలా కలిస్తే అది పరాయిదన్నమాట.

చిక్కంతా ఆ 8 దగ్గరే. రెండు తీగలు అలా కలిసే అవకాశం సుమారు 5 శాతం. మన ముక్కలు 100 ఉంటే ఒక్క తీగ మిగలడానికి 170 పైచిలుకు పుట్టించాలి. 8ని 12 చేస్తే నాలుగింట మూడు మిగులుతాయి, కానీ ఒక్కోటి కాసే మేర బాగా తగ్గుతుంది. పదిలో తొమ్మిది పరాయివి దొరకాలంటే 8 దగ్గర 45 తీగలు చాలు, 12 దగ్గర 850 దాటాలి.

మరొకరు: ఆ తీగలను ‘రక్షకులు’ అనకండి. అవి దేన్నీ కొట్టవు. మంచె మీది కావలివాడిలా కేకేస్తాయంతే, వడిసెల తిప్పేది వేరే కోడ్. ‘కావలి’ చాలు.

ఇంకొకరు: ‘తలారి’?

జవాబు: ఒకప్పుడు ఊరి కాపలాదారే గానీ, ఇప్పుడు ఉరితీసేవాడే గుర్తొస్తాడండీ. థామస్ రే చేసిన టియెర్రాలో (ప్రోగ్రాములే ప్రాణుల్లా పిల్లల్ని పెట్టే కృత్రిమ జీవ నమూనా) మెమరీ నిండినప్పుడు పాతవాటిని, తప్పులు చేసేవాటిని చంపే భాగం ఉంది. ఆ పేరు దానికి ఉంచుదాం.

ప్రశ్న: కావలి మన డేటానే పట్టుకుంటే ‘కంచే చేను మేసింది’ అనొచ్చా?

జవాబు: ఏరివేతలో తప్పించుకున్న తీగైతే అనొచ్చు. ఎక్కువసార్లు జరిగేది అది కాదు. కావలి తీగలను తయారుచేశాక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవుతుంది, కొత్త ఫైళ్లు వాటికి పరాయివిగా కనిపిస్తాయి. కొత్త పైరు వేసి కావలివాడికి చెప్పకపోతే కంచెదేం తప్పు? అప్‌డేట్ తర్వాత మళ్లీ ఏరివేయాల్సిందే.

‘హోల్’కి, అంటే ఏ కావలికీ దొరకని పరాయి ముక్కకి, మాత్రం ‘కంత’ అచ్చంగా అతుకుతుంది. వరసగా 3 బిట్లు కలవాలనుకోండి, మనవి 0110, 1111. పరాయి 0111ని పట్టాలంటే తీగ 011తో మొదలవ్వాలి, లేదా 111తో ముగియాలి. మొదటిది 0110తో, రెండోది 1111తో కలిసి ఏరివేతలో పోతుంది. ఎన్ని తీగలు పుట్టించినా ఆ కంత పూడదు.