టార్గెట్ ఎయిర్ పిస్టల్‌కు రెడ్ డాట్ సైట్: తీసి మళ్లీ బిగిస్తే గురి నిలుస్తుందా?

గురి_సాధకుడు

నమస్కారం. నేను పదేళ్లుగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేస్తున్నాను. రెండేళ్ల క్రితం చత్వారం మొదలైంది. అప్పటి నుంచి వెలుతురు కాస్త తగ్గితే చాలు, ముందు సైట్ పైఅంచు ఎక్కడ ముగుస్తుందో, వెనుక గాడిలో దానికి రెండు పక్కలా వెలుగు సమానంగా ఉందో లేదో తేల్చుకోలేకపోతున్నాను. అందువల్ల సాధన వరకు ఒక చిన్న రెడ్ డాట్ సైట్ (అద్దంలో ఎర్రని వెలుగు చుక్కను చూపే గురి సాధనం) పెట్టుకుని, పోటీలకు ముందు దాన్ని తీసేసి మళ్లీ ఓపెన్ సైట్లతో (అద్దం లేని ముందు, వెనుక సైట్లతో) కాల్చాలని అనుకుంటున్నాను.

నా పిస్టల్ సంపీడిత గాలితో పనిచేసేది. వెనుక సైట్‌కు ముందు, బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) పైభాగాన 11 మిల్లీమీటర్ల డోవ్‌టెయిల్ (పక్కలు లోపలికి వాలిన సన్నని రెయిల్) కొద్ది పొడవు ఉంది. నా దగ్గరున్న రెడ్ డాట్ అడుగు భాగమేమో పికటినీ రెయిల్‌కు (అడ్డంగా గాళ్లున్న వెడల్పాటి రెయిల్‌కు) సరిపోయేది. మధ్యలో అడాప్టర్ వేయడం మంచిదేనా? తీసి బిగించిన ప్రతిసారీ జీరో (గురిపెట్టిన చోటే పెల్లెట్ పడేలా చేసిన సర్దుబాటు) మళ్లీ సరిచూసుకోవలసి వస్తుందా? ఓపెన్ సైట్ల సర్దుబాటుకు ఏమైనా భంగం కలుగుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మరబిగింపు

పోటీకి ముందు తీసేయాలన్న మీ నిర్ణయం సరైనది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ఓపెన్ సైట్లు మాత్రమే చెల్లుతాయి. టెలిస్కోపు, లేజరు, ఎలక్ట్రానిక్ చుక్క వంటివేవీ పిస్టల్ మీద ఉండకూడదు.

ఇక అడాప్టర్ విషయం. ప్రతి అతుకూ కదలడానికి వీలున్న ఒక చోటు కాబట్టి, నేరుగా డోవ్‌టెయిల్‌ను పట్టుకునే మౌంట్ (సైట్‌ను పట్టి ఉంచే భాగం) దొరికితే సైట్ ఎత్తు తగ్గుతుంది, అతుకు కూడా ఒకటి తగ్గుతుంది. కానీ తరచూ తీసి పెట్టే వారికి నేను అడాప్టర్‌నే సూచిస్తాను. డోవ్‌టెయిల్‌లో అడ్డగాళ్లు ఉండవు, మౌంట్‌ను ముందుకో వెనక్కో ఎక్కడైనా బిగించవచ్చు, కాబట్టి నిన్నటి చోటే నేడు దొరుకుతుందన్న భరోసా లేదు. పికటినీలో అలా కాదు. అడ్డంగా ఉన్న గాళ్లు 10 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున స్థిరంగా ఉంటాయి, మౌంట్ అడ్డబోల్టు ఒక గాడిలో కూర్చుంటుంది. అందువల్ల అడాప్టర్‌ను డోవ్‌టెయిల్‌కు ఒకేసారి బిగించి కదపకుండా వదిలేయండి. తీయడం, పెట్టడం అన్నీ పై అతుకు దగ్గరే జరగనివ్వండి. అడాప్టర్ మీ ఓపెన్ సైట్ల చూపురేఖకు అడ్డు రాకుండా దిగువన ఉండాలి, అంతే. పోటీకి కూడా దాన్ని పిస్టల్ మీదే ఉంచేటట్లయితే, అది ఉండగానే బరువు 1500 గ్రాములు దాటకుండా, కొలతలు 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో ఇమిడేటట్లు ముందే చూసుకోండి.

11 మిల్లీమీటర్లు అనే పేరు ఒకటే అయినా, డోవ్‌టెయిల్ అసలు వెడల్పు, పక్కల వాలు తయారీదారును బట్టి మారతాయి. కాబట్టి బిగించే ముందు రెయిల్ పక్కలకు మార్కర్ ఇంకు పూసి, అడాప్టర్‌ను మెల్లగా బిగించి, విప్పి చూడండి. ఇంకు రెండు పక్కలా పొడవునా చెరిగితే పట్టు సరిగా ఉంది. ఒక మూలనో, ఒక గీతగానో మాత్రమే చెరిగితే ఆ అడాప్టర్ మీ పిస్టల్‌కు కాదు. అల్యూమినియం రెయిల్ మీద ఉక్కు దవడను బలవంతంగా బిగిస్తే రెయిల్ నొక్కుకుపోతుంది, ఆ నొక్కు ఇక పోదు. ఈ పనంతా పెల్లెట్ లేకుండా, బ్రీచ్ తెరిచి ఉంచి చేయండి. రెయిల్ చాలలేదని ఎవరైనా బ్యారెల్‌కో గాలి సిలిండర్‌కో రంధ్రం వేయమని చెబితే ఎట్టి పరిస్థితిలోనూ వినకండి. 200 బార్ పీడనాన్ని మోసే పాత్రను గాయపరచడం ప్రాణాపాయం.

సైట్‌ను బిగించేటప్పుడు ప్రతిసారీ అదే గాడిలో పెట్టి, వేలితో మూతి వైపుకు నెట్టి పట్టుకుని, అప్పుడు స్క్రూ తిప్పండి. కాల్చినప్పుడు పిస్టల్ వెనక్కి కదిలితే సైట్ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, అంటే రెయిల్ మీద ముందుకు జరగబోతుంది. బోల్టు ముందే గాడి ముందుగోడకు ఆని ఉంటే జరగడానికి చోటే మిగలదు. మీ రకం పిస్టల్‌లో ఆ తాకిడి చాలా తక్కువే అయినా, ఈ అలవాటు ప్రతి బిగింపునూ ఒకేలా ఉంచుతుంది. టార్క్ డ్రైవర్ (బిగింపు బలాన్ని కొలిచే స్క్రూడ్రైవర్) ఉంటే తయారీదారు చెప్పిన కొలతకే బిగించండి. లేకపోతే చిన్న అలెన్ కీని రెండు వేళ్లతో మాత్రమే పట్టుకోండి.

జీరో నిలుస్తుందో లేదో చెప్పవలసింది మీ కార్డులే (కాల్చిన టార్గెట్ కాగితాలే). చేతిని ఇసుక సంచి మీద ఆనించి పది పెల్లెట్లు కాల్చండి, సైట్ తీసి బిగించి కొత్త కార్డు మీద మరో పది, ఇలా మూడు నాలుగు సార్లు చేసి గ్రూపుల (ఒక్కో కార్డు మీది రంధ్రాల గుంపుల) మధ్యబిందువులను పోల్చండి. ఐదేసి పెల్లెట్లతో చేస్తే మధ్యబిందువు ఊరికే అటూ ఇటూ పోతుంది, తప్పు సైట్‌దో అదృష్టానిదో తేలదు.

గురి_సాధకుడు

చాలా కృతజ్ఞతలు. ఇంకు పరీక్ష నాకు తెలియనే తెలియదు, ఈ రోజే చేస్తాను. మరొక సందేహం: 10 మీటర్ల దూరంలో రెడ్ డాట్‌కు పారలాక్స్ లోపం (కన్ను పక్కకు జరిగితే గురి కూడా జరగడం) ఉంటుందని విన్నాను. అది నిజమైతే చుక్కను అద్దం మధ్యలోనే ఉంచుకోవాలా? చుక్క పరిమాణం ఎంత ఉండాలి?

నిలకడ

నిజమే, కానీ ఆ లోపానికి ఒక హద్దు ఉంది. చాలా రెడ్ డాట్‌లను సుమారు 50 మీటర్లకో, అనంత దూరానికో సరిదిద్ది పంపుతారు. అనంతానికి సరిదిద్దిన దానిలో మీ కన్ను అద్దం మధ్యరేఖ నుంచి 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే గురి కూడా దాదాపు 5 మిల్లీమీటర్లే జరుగుతుంది. 50 మీటర్లకు సరిదిద్దిన దానిలో అది 4 మిల్లీమీటర్లు. ఎయిర్ పిస్టల్ కార్డు మీద ఒక వలయం నుంచి పక్క వలయానికి 8 మిల్లీమీటర్లు కాబట్టి, అది సగం వలయం. చుక్కను మధ్యలో ఉంచుకోవడం మంచి అలవాటే, కానీ దాని కోసం తల మెడ బిగించుకోవలసినంత తీవ్రత లేదు.

ఓపెన్ సైట్లలో ఈ లెక్క ఎంత కఠినమో పోల్చి చూడండి. రెండు సైట్ల మధ్య దూరం 350 మిల్లీమీటర్లు అనుకుంటే, ముందు సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా కార్డు మీద దాదాపు 29 మిల్లీమీటర్లు, అంటే మూడున్నర వలయాలు పోతాయి. రెడ్ డాట్ వాడే షూటర్లకు నేను ముఖ్యంగా చెప్పాలనుకునేది ఇదే: చుక్క మీ చేతి వణుకునూ, ట్రిగ్గర్ లాగినప్పటి కుదుపునూ స్పష్టంగా చూపిస్తుంది, కానీ సైట్ల అమరికలో మీరు చేసే తప్పును క్షమించేస్తుంది. మణికట్టు కొద్దిగా వంగినా చుక్క పదిలోనే ఉంటే పదే పడుతుంది. ఆరు నెలలు అలా కాల్చి ఓపెన్ సైట్లకు తిరిగి వచ్చిన వారి మణికట్టు ఎంత సడలిపోయిందో నేను దగ్గర నుంచి చూశాను, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. వారంలో కనీసం సగం సాధన ఓపెన్ సైట్లతోనే చేయండి.

పరిమాణం విషయానికి వస్తే, ఒక ఎంఓఏ (కోణపు కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు) 10 మీటర్ల దగ్గర 2.9 మిల్లీమీటర్లు. పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే 4 ఎంఓఏ చుక్క దాన్ని సరిగ్గా కప్పేస్తుంది. నాకు 2 లేదా 3 ఎంఓఏ నచ్చుతుంది. వెలుగును మాత్రం చుక్క కనబడే అతి తక్కువ స్థాయిలో ఉంచండి. చుక్క గుండ్రంగా కాక తోకలతో, చీలికలతో కనబడితే సైట్‌ను నిందించే ముందు కంటి ఆస్టిగ్మాటిజం (కంటి వంపు లోపం) సంగతి చూపించుకోండి.

సర్దుబాటు పరిధి కూడా చూసుకోవాలి. సైట్ బ్యారెల్ నుంచి 40 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండి, సెకనుకు 150 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ 10 మీటర్లకు సుమారు 22 మిల్లీమీటర్లు దిగితే, రెండింటికీ కలిపి 21 ఎంఓఏ సర్దాలి. సైట్ సర్దుబాటు మరల క్లిక్కులు చివరి అంచుకు చేరిపోతే మౌంట్ కింద పలుచని రేకు వేయడం తప్పదు.

పదో_వలయం

ఒక సవరణ, ఒక సూచన. ఎత్తైన సైట్ వల్ల పిస్టల్ పక్కకు వాలినప్పుడు తప్పు పెరుగుతుందని తరచూ అంటారు; జీరో చేసిన దూరంలోనే కాల్చేటప్పుడు అది వాస్తవం కాదు. అక్కడ పక్క తప్పు పెల్లెట్ దిగే 22 మిల్లీమీటర్ల మీదే ఆధారపడుతుంది, ఐదు డిగ్రీలు వాలితే సుమారు 2 మిల్లీమీటర్లు. అయితే గుండ్రని చుక్క పిస్టల్ వాలిందని చెప్పదు. ఓపెన్ సైట్ల అడ్డగీత చెబుతుంది.

నా సూచన ఏమిటంటే, సైట్ కంటే ముందు కళ్లద్దాలు చూడండి. పిస్టల్‌కు అద్దం తగిలించడానికి నిబంధనలు ఒప్పుకోవు, కానీ షూటర్ తన కళ్లకు సరిచేసే అద్దం పెట్టుకోవచ్చు. దూరపు చూపుకు వాడే అద్దం పవర్‌కు 0.5 లేదా 0.75 డయాప్టర్లు కలిపిన అద్దంతో చాలా మందికి ముందు సైట్ పదును తిరిగి వస్తుంది, కార్డు నలుపు కొద్దిగా మసకబారినా ఇబ్బంది ఉండదు. పిస్టల్ పట్టిన భంగిమలో కంటి నుంచి ముందు సైట్ వరకు దూరం కొలిచి, ఆ సంఖ్యను కంటి పరీక్షకుడికి చెప్పండి.

గురి_సాధకుడు

ఇంకు పరీక్షలో అడాప్టర్ రెండు పక్కలా పొడవునా ఆనింది. ఇసుక సంచి మీద నాలుగు సార్లు పదేసి పెల్లెట్లు కాల్చాను. మొదటి కార్డుతో పోలిస్తే రెండోది, మూడోది 2 మిల్లీమీటర్ల లోపే ఉన్నాయి, నాలుగోది మాత్రం 6 మిల్లీమీటర్లు కుడికి జరిగింది. విప్పి చూస్తే దవడ ఒక పక్క రెయిల్ అంచు మీదికి ఎక్కి ఉంది. సైట్‌ను ముందుకు నెట్టకుండానే తొందరలో స్క్రూ తిప్పానని గుర్తొచ్చింది. మళ్లీ సరిగా బిగించి కాల్చిన కార్డు మొదటి దానితో కలిసింది. వెనుక సైట్‌ను ముట్టుకోలేదు కాబట్టి ఓపెన్ సైట్ల జీరో అలాగే ఉంది. కంటి నుంచి ముందు సైట్ వరకు దూరం 96 సెంటీమీటర్లు వచ్చింది. ఆ సంఖ్యతో ఈ వారమే కంటి పరీక్షకు వెళ్తున్నాను.