కాలేజీ సేవ పది కాలాలు నిలవాలంటే మార్కులు పెట్టాలా, వద్దా?

కామర్స్ లెక్చరర్, ప్రభుత్వ డిగ్రీ కాలేజీ
మా స్టాఫ్ రూంలో చాన్నాళ్లుగా నలుగుతున్న గొడవ ఇది. మీరూ ఓ మాట చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ తప్పనిసరి అయింది. మొదటి ఏడాది పరీక్షలయ్యాక వేసవిలో 180 గంటలు, 4 క్రెడిట్లు. ఊళ్లో ఇంటింటి సర్వే, అవగాహన కార్యక్రమాలు, లాగ్‌బుక్, రిపోర్టు, చివర్లో వైవా. దీన్ని తిట్టేవాళ్లందరూ పాత ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) రోజుల్ని తలుచుకుని నిట్టూరుస్తుంటారు. ఎన్‌ఎస్‌ఎస్ 1969 నుంచి ఉంది. రెండేళ్లలో 240 గంటలు, దత్తత గ్రామంలో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. అంతా బాగానే ఉంది. కానీ దాన్ని నడిపే లెక్చరర్, అదే ప్రోగ్రాం ఆఫీసర్ (పీఓ), చురుకైనవాడైతే బ్రహ్మాండంగా నడిచింది, ఆయన బదిలీ కాగానే మూలన పడింది. సిలబస్‌లో ఉన్నదాన్ని అలా ఎవరూ అటకెక్కించలేరు. నా ఓటు మార్కులకే.

రిటైర్డ్ పీఓ, పశ్చిమ గోదావరి
సిలబస్‌లో పెడితే ఆగదన్నారు. నిజమే సార్, కాగితం ఆగదు. రిపోర్టులు ఇచ్చే గడువు దగ్గర పడ్డాక ఏ కాలేజీ పక్కనున్న జిరాక్స్ షాపులోనైనా ఓ గంట కూర్చోండి. పోయినేటి రిపోర్టులో ఊరి పేరు మార్చి, ఫొటోలు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించుకుని వెళ్తుంటారు. ఒక వైవాలో నా చేతికొచ్చిన రిపోర్టులో ఏజెన్సీ కొండమీది గూడేనికి రొయ్యల చెరువుల వల్ల నీళ్లు పాడవుతున్నాయని రాసి ఉంది! పిల్లాణ్ణి అడిగితే నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చేస్తాం.

అసలు సమస్య ఇంకోటుంది. ఈ ప్రాజెక్టులో ఎవరి ఊళ్లో వాళ్లు చేసుకోవచ్చు. సెలవుల్లో ఇంటి దగ్గరే ఉంటారు కాబట్టి అది పిల్లలకు సౌకర్యమే. కానీ క్లాసులో ఎంతమంది ఉంటే అన్ని ఊళ్లు. ఏ ఊరితోనూ కాలేజీకి ముడి పడదు. వచ్చే ఏడు ఇంకో గుంపు, ఇంకో ఊళ్ల జాబితా. మా రోజుల్లో ఒకే ఊరికి ఏళ్ల తరబడి వెళ్లేవాళ్లం. కళ్లాలెక్కడున్నాయో, ఏ వీధిలో మురుగు ఆగుతుందో, ఏ ఇంట్లో ఎవరు చదువు మానేశారో మాకు తెలుసు.

డిగ్రీ ఫైనలియర్ విద్యార్థిని
సార్, మా ఊళ్లో మేం చేయడంలో తప్పేముంది? బయటినుంచి వచ్చినవాళ్లకు చెప్పని సంగతులు మా పెద్దమ్మలు నాకు చెప్పారు. మైక్రో ఫైనాన్స్ వారం వాయిదాల గురించి ఏ క్యాంపువాళ్లతోనూ నోరు విప్పరు, పరువు. నాతో చెప్పుకున్నారు. ఇబ్బంది ఎక్కడంటే, మే నెలలో పొద్దున వెళ్తే ఇళ్లకు తాళాలు. అందరూ ఉపాధి హామీ పనుల్లో ఉంటారు. ఎండ తగ్గాక, వంటలయ్యాక వెళ్లాలి. ఆ సంగతి మా మెంటార్ (ప్రాజెక్టు చూసే లెక్చరర్) చెప్పలేదు, ఊరే నేర్పింది.

నా బాధ ఇంకోటి. నేను రాసిన రిపోర్టు కాలేజీ బీరువాలో ఉంది. ఊరికి ఒక్క కాపీ ఇవ్వమని ఎవరూ అడగలేదు, ఇవ్వమని ఎక్కడా రాసి లేదు.

పంచాయతీ కార్యదర్శి
మీరంతా కాలేజీ వైపునుంచి మాట్లాడుతున్నారు. ఈ వైపునుంచి వినండి. ప్రతి వేసవీ ఎవరో ఒక పిల్ల, ఒక పిల్లాడు ఫారాలు పట్టుకుని వస్తారు. మరుగుదొడ్డి ఉందా, రేషన్ కార్డు ఉందా, నీళ్లు ఎక్కడినుంచి? ముసలామె ఏమందో తెలుసా, "పోయినేడు రాసుకున్న కాయితం ఏమైంది బాబూ?" అని. ఆ ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు. సంతకం కోసం, స్టాంపు కోసం మాత్రం మా ఆఫీసుకు వస్తారు. సంతకం పెట్టి పంపిస్తాను.

మీ సర్వే మాకు పనికిరాదని అనుకోకండి. ఏటా అక్టోబరు 2 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక పని మొదలవుతుంది. 2018 నుంచి దాన్నొక ప్రచారోద్యమంగా నడుపుతున్నారు. గ్రామసభ పెట్టాలి, వచ్చే ఏడు ఏ పనులు కావాలో రాసుకోవాలి. అప్పుడు మా చేతిలో ఉండేది ఏమిటి? పాత లెక్కలు, నలుగురు పెద్దల మాట. ఎస్సీ కాలనీలో ఎన్ని కుళాయిలు నిజంగా పారుతున్నాయో ఇల్లిల్లూ తిరిగి రాసిన కాగితం ఆ రోజు గ్రామసభలో ఉంటే దాని విలువ వేరు. మీరు మేలో రాస్తారు. జులైకల్లా రెండు పేజీల్లో మాకివ్వండి. వచ్చే ఏడు వచ్చే పిల్లలు అవే ప్రశ్నలు అడగక్కర్లేదు, రాసినవాటిలో ఏవి అయ్యాయో చూసి వెళ్తే చాలు. అప్పుడు మేమే మీ కాలేజీకి ఫోన్ చేస్తాం, ఈసారి పిల్లలు రాలేదేమని.

ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్, కరీంనగర్
కార్యదర్శి సార్ చెప్పింది కరెక్ట్. మా దగ్గర ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో మొక్కలు నాటినం. తర్వాతి బ్యాచ్ కూడా అక్కడే మొక్కలు నాటిండ్రు, మావి ఎండిపోయిన గుంతల్లోనే. ఫ్లెక్సీ మాత్రం కొత్తది.

తెలుగువాడు, ఓరెగాన్
అమెరికా సంగతి కొంచెం చెప్తాను, పోలిక కోసం కాదు, ఒక పాఠం కోసం. ఇలాంటి చదువు-సేవ కార్యక్రమాలకు ఫెడరల్ ప్రభుత్వం 'లెర్న్ అండ్ సర్వ్ అమెరికా' కింద డబ్బిచ్చేది. 2011లో కాంగ్రెస్ దాన్ని ఆపేసింది. ఆ గ్రాంటు మీదే నడిచినవాటికి దెబ్బ తగిలింది. మా ఊరి పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో మాత్రం డిగ్రీ చివరి ఏడాది క్యాప్‌స్టోన్ అనే 6 క్రెడిట్ల కోర్సు 1990ల నుంచీ నడుస్తోంది. అక్కడ బయటి సంస్థతో కలిసి పనిచేయాలి. చాలా కోర్సుల్లో టీచరూ, ఆ సంస్థా ఏళ్ల తరబడి మారరు. పిల్లలే మారుతుంటారు. అంటే లెక్చరర్ గారు చెప్పిన క్రెడిట్లూ ఉన్నాయి, పీఓ గారు చెప్పిన ఒకే చోటూ ఉంది.

రిటైర్డ్ పీఓ, పశ్చిమ గోదావరి
బాగుంది. కానీ బాబూ, అక్కడ ఆ కోర్సు చెప్పడం టీచర్ డ్యూటీలో భాగం. ఇక్కడ పీఓ అంటే క్లాసులన్నీ యథాతథం, ఆపైన ఇది. ఆదివారం ఊరికి, సోమవారం బిల్లులకు. మూడేళ్ల పదవీకాలం, మహా అయితే ఇంకో ఏడు పొడిగింపు. ఆ ఊరి సర్పంచ్‌తో చనువు కుదిరేసరికి దిగిపోవాల్సిందే. 2016-17 నుంచి ఎన్‌ఎస్‌ఎస్ ఖర్చంతా కేంద్రానిదే అయింది, సంతోషం. కానీ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చినా తర్వాతి పీఓకు నేను అప్పగించినవి రెండే, క్యాష్‌బుక్, స్టాక్ రిజిస్టర్. ఊరి గురించి ఒక్క పేజీ కూడా అప్పగించమని ఏ ఫారంలోనూ లేదు.

కామర్స్ లెక్చరర్, ప్రభుత్వ డిగ్రీ కాలేజీ
అదే నేనంటున్నది. ఫారంలో పెట్టండి, జరుగుతుంది! కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ వాళ్లు ఎన్ని ఎక్స్‌టెన్షన్ (కాలేజీ బయట సేవా) కార్యక్రమాలు చేశారు, ఎంతమంది పాల్గొన్నారు అని లెక్క అడుగుతారు కాబట్టే మా ఐక్యూఏసీ (కాలేజీ నాణ్యతా విభాగం) కోఆర్డినేటర్ ఎక్కడ తీశారో చూపే జియోట్యాగ్ ఫొటోల వెనక పరిగెడతాడు. ఒకే ఊళ్లో ఐదేళ్లుగా చేస్తున్న ఒక పనికీ, ఐదూళ్లలో చేసిన ఐదు ర్యాలీలకీ ఆ లెక్కలో రెండోదే ఎక్కువ తూగుతుంది. దాన్ని మార్చమని అడుగుదాం. మార్కులు తీసేస్తే అడిగే మనిషే ఉండడు.

సరే, ఒక ప్రతిపాదన. ఎవరి ఊళ్లో వాళ్లు చేయొచ్చన్న వెసులుబాటు ఉండనిద్దాం, కానీ మండలం వారీగా గుంపు చేద్దాం. ఒక మండలం పిల్లలకు ఒకే మెంటార్, మూడు బ్యాచ్‌ల దాకా మార్చకూడదు. రిపోర్టు ఒక కాపీ కాలేజీకి, రెండు పేజీల సారాంశం పంచాయతీకి. పంచాయతీ ముద్ర పడ్డ రసీదు లేకుండా వైవాకు కూర్చోనివ్వకూడదు.

డిగ్రీ ఫైనలియర్ విద్యార్థిని
రసీదుకీ జిరాక్స్ షాపు ఉంటుంది సార్ :) దానికన్నా వైవాలో పోయినేటి బ్యాచ్ రిపోర్టు మీద ప్రశ్నలడగండి. అది చదవకుండా ఊళ్లోకి వెళ్లినవాళ్లు దొరికిపోతారు. మా చెల్లెలు వచ్చే మేలో మా ఊళ్లోనే చేస్తుంది. నా రిపోర్టు కావాలంటే నా ఫోన్లో పీడీఎఫ్ ఉంది కాబట్టి సరిపోయింది. మిగతా పిల్లలకు బీరువా తాళం ఎవరిస్తారు?

పంచాయతీ కార్యదర్శి
అమ్మా, ఆ పీడీఎఫ్ ఏదో మీ సచివాలయానికి కూడా పంపు. అక్టోబరు గ్రామసభలో నువ్వే వచ్చి చదివితే ఇంకా మంచిది, ఆడవాళ్లు లేచి మాట్లాడతారు.

రిటైర్డ్ పీఓ, పశ్చిమ గోదావరి
గ్రామసభ రోజు కాలేజీ ఉంటుంది. అటెండెన్స్ ఎవరిస్తారు లెక్చరర్ గారూ? ముందు అది తేల్చండి.