అప్‌డేట్: కెయూనిట్ పరీక్షల్లో డివైస్ నమోదు ఇప్పుడు ఒకే చోట

లినక్స్ కెర్నెల్ డ్రైవర్‌కు నేను రాసిన కెయూనిట్ (కెర్నెల్ కోడ్‌ను చిన్న భాగాలుగా పరీక్షించే ఫ్రేమ్‌వర్క్) పరీక్షల్లో ప్రతి ఫంక్షనూ నకిలీ డివైస్‌ను విడివిడిగా నమోదు చేసుకుంటోందని, ఒకటి విఫలమైతే తర్వాతివన్నీ వరుసగా పడిపోతున్నాయని ఇదివరకు అడిగాను. సమస్య తీరింది.

అసలు కారణం నేను ఊహించింది కాదు. అసర్ట్ (తప్పనిసరిగా నిజం కావాల్సిన షరతు) విఫలమైతే పరీక్ష అక్కడికక్కడే ఆగిపోతుంది. ఫంక్షన్ చివర డివైస్‌ను తొలగించడానికి రాసిన కోడ్ ఇక నడవదు. పాత డివైస్ అలాగే మిగిలిపోవడంతో, అదే పేరుతో చేసే తర్వాతి నమోదు 'ఇప్పటికే ఉంది' అనే లోపంతో తిరిగి వస్తుంది. రెండు రోజులు డ్రైవర్‌నే అనుమానించాను!

నమోదును సూట్ (పరీక్షల సముదాయం)లోని ఇనిట్ ఫంక్షన్‌కు మార్చి, డివైస్ పాయింటర్‌ను టెస్ట్ ప్రైవ్‌లో (పరీక్ష తన డేటాను దాచుకునే చోటు) ఉంచాను. ఇనిట్ ప్రతి పరీక్షకూ ముందు నడుస్తుంది కనుక ప్రతిదానికీ కొత్త డివైస్ దొరుకుతుంది. కెర్నెల్ 6.8లో వచ్చిన కెయూనిట్_డివైస్_రిజిస్టర్ ఫంక్షన్ వాడితే, పరీక్ష ఎలా ముగిసినా శుభ్రం చేసే పని అదే చూసుకుంటుంది.

నమోదును సూట్_ఇనిట్ ఫంక్షన్‌లో పెట్టమని వచ్చిన సలహా కూడా ప్రయత్నించాను. అది సూట్ మొత్తానికి ఒక్కసారే నడుస్తుంది. ఒక పరీక్ష మార్చిన స్థితి మరోదానికి అంటుకుంది. అందుకే వదిలేశాను. సాయం చేసిన అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.